లాకు తాళము: తంతి నాటి నుండి అంతర్జాలము నాటి వరకు గోదావరి సీమ

గౌతమి సముద్రమును సమీపించుచు కోరంగి పాయను విడిచిపెట్టు తావున, మూడు వైపుల గోదావరి మండలపు పొలములును నాలుగవ వైపున నదియు ఆవరించియుండగా, యానామను చిన్న పట్టణమొకటి కలదు. 18వ శతాబ్ది ప్రథమార్ధమున ఫ్రెంచివారి చేతికి వచ్చి, 1954 వరకు ఎక్కువకాలము వారి జెండా నీడనే నిలిచిన యా పట్టణమున జనులు మాటాడినది తెలుగే, తినినది ఈ డెల్టా బియ్యమే, త్రాగినది గోదావరి నీరే. అయినను పొలిమేర దాటి ఒక్క యడుగు వేసినంతనే పోలీసు మారును, న్యాయస్థానము మారును, చట్టము మారును. ఒక రాజ్యపు శాసనము ఎంతదూరము చెల్లును, ఎచ్చట ఆగిపోవును అను ప్రశ్న అన్యత్ర న్యాయశాస్త్ర పండితులకు పరిమితమై యుండవచ్చును గాని, మా సీమలో అది పెండ్లిండ్ల వేళ ఇంటింట చర్చింపబడిన లౌకిక విషయము.

ఏలయన, హరవిలాస్ శారదాగారి పేర ప్రసిద్ధమైన బాల్యవివాహ నిరోధక శాసనము 1929లో ఆమోదింపబడి, 1930 ఏప్రిలు 1వ తేదీ నుండి అమలునకు రాగా, పదునాలుగేండ్లు నిండని బాలికకును పదునెనిమిదేండ్లు నిండని బాలునకును వివాహము చేయుట బ్రిటిషు ఇండియాలో శిక్షార్హమయ్యెను. అంతట పూర్వాచారమును వదలుకొనలేని గృహస్థులు పలువురు పెండ్లివారిని వెంటబెట్టుకొని యానాము చేరి, అచ్చట కార్యము నడిపించుకొని, చట్టమునకు చిక్కకుండ తిరిగివచ్చుచుండిరి. తత్కారణమున ఆ యూరికి కల్యాణపురమను మారుపేరు కలిగినది. కందుకూరి వీరేశలింగము పంతులుగారు జీవితమంతయు ధారవోసి ఏ దురాచారముతో పోరాడిరో, ఆ దురాచారమునకు వారి గోదావరి సీమ నడుమనే ఇట్టి యాశ్రయము దొరకుట సంస్కారప్రియులకు ఎంత మనస్తాపహేతువో వేరుగ చెప్పనక్కరలేదు.

అయితే ఫ్రెంచి సరిహద్దు ఒక్క దురాచారమునకే గొడుగు పట్టలేదు. 1908లో సుబ్రహ్మణ్య భారతి బ్రిటిషు పోలీసుల చేతికి చిక్కక పుదుచ్చేరి చేరి, ‘ఇండియా’ పత్రికను అచ్చటినుండి వెలువరించెను. 1910లో అరవింద ఘోషు అదే పట్టణమున తలదాచుకొనెను. సందు ఒకటే, దానిగుండ పసిపిల్లల పెండ్లిపల్లకులును పోయినవి, స్వాతంత్ర్యవాదుల కలములును పోయినవి. ఫ్రెంచి నేలపైకూడ బ్రిటిషు చట్టమే చెల్లియుండినయెడల పల్లకులు ఆగియుండెడివి, కలములును ఆగియుండెడివి. అంతర్జాలమును ఒక అంతర్జాతీయ శాసనమునకు లోబరుపవలెనా, లోబరిచినచో ఆ శాసనము ఎవరు చేయవలెను అని నేడు లోకమంతట సాగుచున్న తర్జనభర్జనలలోని చిక్కుముడి యావత్తు ఈ యానాము కథలో బీజప్రాయముగ నున్నదని నా యభిప్రాయము.

ఆ ముడిని విప్పుటకు మా సీమవారికి వేరొక యనుభవము తోడున్నది. అది కాలువల యనుభవము. 1847లో ఆర్థరు కాటను దొరవారు ధవళేశ్వరము వద్ద ఆనకట్ట పని ప్రారంభించి 1852లో ముగించిన పిమ్మట, తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాల కాలువలలో నీరును పడవలును కలిసి నడచినవి. కాలువపై అక్కడక్కడ లాకులు, లాకునకు తలుపులు, ఆ తలుపులు తీయుటకు, మూయుటకు లస్కర్లు. ఎగువ రైతు తన తూము పూర్తిగ తెరచికొన్నచో శివారు రైతు బోదెలో బురదయే మిగులును. దాళ్వా పంట నాటికి గోదావరి సన్నగిలినపుడు వంతులవారీగ నీరు వదలుట, వంతు తప్పినదని శివారు గ్రామములవారు లాకుల వద్దకు వచ్చి నిలదీయుట, ఇవి మాకు తరతరములుగ అలవాటైన దృశ్యములు. నియమమే వలదని చెప్పిన శివారు రైతును నేనెన్నడును చూడలేదు. నియమము లేనిచోట నీరు బలవంతునిదగునని అతనికి తెలియును. అతడడుగునది వేరు: తాళపుచెవి ఎవరి చేత నున్నది, వంతులు నిర్ణయించునాడు తన్ను పిలిచిరా, పిలువలేదా? ఈ ప్రశ్నకు చట్టరూపమున సమాధానము చెప్పుటకు, ఆనకట్ట పూర్తియైన నాటినుండి నూట నలుబదియైదేండ్లు పట్టినది. 1997లో ఆంధ్రప్రదేశ శాసనసభ చేసిన చట్టమువలన రైతులు స్వయముగ ఎన్నుకొను నీటిసంఘములు ఏర్పడినవి. ఆ సంఘములు చక్కగ నడచినవా యను విచారము ఇచ్చట అప్రస్తుతము. శివారువానికి పీట వేయవలెనను సూత్రము శాసనమున కెక్కినది, అంతవరకు అది గొప్ప విషయము.

తీగ మీద నడచు మాటకును లాకులగుండ నడచు నీటికిని ఈ పోలికను నేను ఊరక కల్పించుటలేదు. ఉభయములును ఒకే శతాబ్దిలో, ఒకే ప్రభుత్వపు చేతిమీదుగ ఈ సీమకు వచ్చినవి. 1865 మే 17వ తేదీన పారిసు నగరమున ఇరువది రాజ్యముల ప్రతినిధులు కూడి తంతివార్తల నడకకు ఒక యొడంబడిక చేసికొనిరి. విద్యుత్తుతో నడచు సమాచార సాధనములకు అంతర్జాతీయ నియంత్రణమను భావము అచ్చట పెద్దయెత్తున రూపు దాల్చినది. ఆ యొడంబడిక ఒక వంక ప్రతి మనుష్యునకును తంతి మూలమున వార్త పంపుకొను హక్కు కలదనియు, ఆ వార్త రహస్యముగ నుంచబడుననియు పలికెను. వేరొక వంక, రాజ్యక్షేమమునకు గాని, శాంతికి గాని, సన్నీతికి గాని భంగకరమని తోచిన వార్తను ఆపుటకును, కావలెననుకొన్నచో తంతి నడకనే నిలిపివేయుటకును ప్రతి ప్రభుత్వమునకు అధికారమిచ్చెను. కుడిచేత పెట్టినదానిని ఎడమచేత తీసికొనుటయనగా ఇదియే. నూట యేబదియేండ్లకు పైగా గడచినను, తంతి సమితికి వారసురాలైన అంతర్జాతీయ దూరసంచార సమితి మూలశాసనములో ఆ యధికారము నేటికిని పదిలముగ నిలిచియున్నది. అంతర్జాతీయ శాసనమన్నంతనే అది ప్రజల పక్షమున నుండునని నమ్ము సజ్జనులు ఈ పారిసు శాసనమును ఒక్కసారి చదువుట మేలు.

బ్రిటిషు ఇండియా 1869లో ఆ కూటమిలో చేరినది. చేరునపుడు ఇచ్చటి జనుల నెవ్వరును అడుగలేదు. నూనెగింజలును ప్రత్తియు ఓడల కెక్కించు కాకినాడ వర్తకునకు ఇంగ్లండులోని ధరలు గంటలలో తెలియుట లాభించినది. సామాన్య గృహస్థునకు మాత్రము తంతి యనగా మృత్యువార్తయే. తంతి జవాను వీధి మొగలో కనబడినంతనే, కాగితము విప్పకమునుపే, ఇంటి ఆడువారు ఏడ్పునకు లంకించుకొనెడివారు. మాటల లెక్కకు తగిన రుసుమున్నందున వానిని పొదుపుగ, ముత్యములవలె ఏరి పంపవలసి యుండెను. ఆ పొదుపైన మాటలనైనను చదువుటకు, ఆపుటకు 1885 అక్టోబరు 1వ తేదీ నుండి అమలునకు వచ్చిన టెలిగ్రాఫు చట్టము ప్రభుత్వమునకు సర్వాధికారమును కట్టబెట్టినది. తంతిని నడపు హక్కు సర్కారు గుత్త. అత్యవసర పరిస్థితిలో వార్తను పట్టుకొను హక్కు సర్కారుదే. ఈ చట్టమును పాఠకులు గుర్తుంచుకొనవలెను. ముందు దీనితో పని యున్నది.

తంతి విషయమున నోరెత్తని ప్రజాభిప్రాయము అచ్చుయంత్రము విషయమున మాత్రము మేల్కొన్నది. వీరేశలింగముగారు 1874లో ‘వివేకవర్ధని’ని స్థాపించి, అధికారుల లంచగొండితనమును, వేశ్యాలోలతను, న్యాయస్థానముల యక్రమములను పేరుపెట్టి బయటవేయుటతో, ఊరివారు అరుగులపై మాటాడుకొను మాటకు అచ్చురూపమున బలము వచ్చినది. 1907లో బిపినచంద్ర పాలుగారు రాజమహేంద్రవరము వచ్చి ఉపన్యసించిన పిదప వందేమాతరపు ఉద్యమమున పాల్గొన్నందుకు శిక్షణ కళాశాల నుండి వెలివేయబడిన గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు, మరుసటి యేట ‘స్వరాజ్య’ పత్రికలోని వ్రాతకుగాను కారాగారమున కేగిరి. సహాయనిరాకరణము నాటికి గరిమెళ్ల సత్యనారాయణగారిని ఒక్క పాటకై జైలున పెట్టవలసినంత భయము దొరతనమునకు పుట్టినది. పాటకు తీగ యక్కరలేదు, అచ్చు యక్కరలేదు. ఒక నోటినుండి ఒక నోటికి పాకి, రేవుల వెంట, సంతల వెంట పోయినది. రేడియో వచ్చిన తరువాతను కథ మారలేదు. 1933 నాటి నిస్తంత్రీ చట్టము క్రింద రేడియో పెట్టె గల ప్రతి గృహస్థుడును తపాలాకచేరికి పోయి యేటేట లైసెన్సు రుసుము చెల్లించుచుండెను. గాలిలో వచ్చు పాటకు సుంకమేల యని పెద్దలు విసుగుకొనిన దినములు నేటి వృద్ధులకు జ్ఞాపకమే.

ఇట్టి సీమకు అంతర్జాలము వచ్చినది. 1995 ఆగస్టు 15వ తేదీన విదేశ్ సంచార్ నిగమ్ వారు దేశములోని నాలుగు మహానగరములలో దానిని సామాన్యులకు తెరచిరి. వానిలో మాకు చేరువైనది చెన్నపట్టణము. అంతకు పూర్వమే, అమెరికా విశ్వవిద్యాలయములకు చేరిన తెలుగు విద్యార్థులు యూజ్‌నెట్టు అను చర్చావ్యవస్థలో తెలుగువారికై ప్రత్యేక శాఖను నెలకొల్పుకొని, తెలుగు లిపి తెరమీద పొడసూపని ఆ దినములలో, రోమను అక్షరములతో తెలుగు వ్రాయు పద్ధతిని కల్పించుకొనిరి. అచ్చట ఒక క్రొత్త శాఖ పుట్టవలెనన్న ముందుగ ప్రతిపాదన, పిదప చర్చ, తుదకు సభ్యుల వోటు జరుగవలెను. ఏ ప్రభుత్వమును, ఏ సంస్థయు ఆజ్ఞాపించునది కాదు. నీటిసంఘముల చట్టమునకు ముందే, సముద్రములకు ఆవల, వాడుకొనువారే వంతులు వేసికొనిన చిన్న కాలువ యది. 1998లో ‘ఈమాట’ పత్రికయు, 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాయు ఆ మార్గముననే వచ్చినవి.

కాలువ చిన్నదిగ నున్నంతకాలము తాళము మాట ఎవ్వరికిని పట్టలేదు. కోట్లజనులు చేరిన పిమ్మట, అంతర్జాలములోని చిరునామాల మూలపట్టికపై తుదిమాట అమెరికా వాణిజ్యశాఖతో నున్న ఒక ఒప్పందము క్రింద నడచుచున్నదని లోకము గమనించెను. దీనిపై చర్చించుటకు ఐక్యరాజ్యసమితి ఏర్పరచిన అంతర్జాల పాలనా వేదిక, ఏథెన్సు, రియో నగరముల తరువాత మూడవ సమావేశమును 2008 డిసెంబరు 3 నుండి 6 వరకు మన హైదరాబాదున జరిపినది. ముంబయి దాడుల రక్తపుమరకలు ఆరకమునుపే, వారము తిరుగకమునుపే, వేయిమందికి పైగా ప్రతినిధులు భయపడక వచ్చిరి. అంతర్జాలము అందరికిని అనునది నాటి సమావేశపు నినాదము. 2010లో దూరసంచార సమితివారి అభివృద్ధి మహాసభయు హైదరాబాదుననే జరిగినది. ఆ దినములలో మన రాజధానిలో కూర్చుండి ప్రపంచ శాసనములను గూర్చి మాటాడిరి గాని, ఆ మాటలు సామర్లకోట దాటి కోనసీమ కొబ్బరితోటలలోనికి వచ్చినట్లు నాకు తోచదు.

2011 అక్టోబరు 26వ తేదీన భారతప్రభుత్వము ఐక్యరాజ్యసమితి సర్వసభలో ఒక ప్రతిపాదన చేసెను: ఏబది రాజ్యముల ప్రతినిధులతో ఒక సంఘము నేర్పరచవలెననియు, అది యేటేట రెండు వారములు జెనీవాలో కూడి అంతర్జాల విధానములను విచారింపవలెననియు దాని సారాంశము. అంతవరకు నిద్రాణమై యున్న ప్రజాభిప్రాయము దీనితో కళ్లు తెరచినది. ఒక్క దేశపు ఒక్క శాఖ చేతిలో లోకపు తాళపుచెవి యుండుట ఏమి న్యాయమని ప్రభుత్వపక్షము వాదించెను. తాళపుచెవిని ఆ దేశమునుండి తీసి ప్రభుత్వముల చేతికే ఇచ్చినచో, పత్రికలను మూయించు ప్రభుత్వములును అందులో వాటాదారులగునుగదా యని పార్లమెంటు సభ్యులు, పారిశ్రామికులు, పౌరహక్కులవారు ప్రశ్నించిరి. ఈ వాదములో ఎవరి పక్షము సరియైనదని నన్నడిగినచో, రెండు పక్షముల యాక్షేపణములును సరియైనవే యని చెప్పుదును. ఒక్క పెద్దరైతు మొలత్రాటనున్న తాళపుచెవిని విప్పి ఏబదిమంది మునసబుల మొలత్రాళ్లకు కట్టినంత మాత్రమున శివారు పొలము తడియదు. జనాభిప్రాయము దిక్కు మారగా ప్రభుత్వమును ఆ ప్రతిపాదనను మెల్లగ పక్కకు పెట్టెను. 2012 డిసెంబరులో దుబాయి నగరమున దూరసంచార నిబంధనల సవరణపై 89 రాజ్యములు సంతకము చేసినను భారతము చేయలేదు; 2015 జూనులో బ్యూనస్ ఐరీసు సమావేశమున ప్రభుత్వములు మాత్రమేగాక అందరును కలిసి పాలించు పద్ధతికే మా మద్దతని నాటి మన మంత్రి రవిశంకర ప్రసాదుగారు ప్రకటించిరి.

అదే 2015లో దేశమునందలి ప్రజాభిప్రాయము ఎంత బలము గలదో ఒకసారి తేటతెల్లమైనది. కొన్ని సేవలకు ఒక ధర, కొన్నిటికి వేరొక ధర పెట్టవచ్చునా యను విషయమున దూరసంచార నియంత్రణ ప్రాధికారసంస్థ మార్చి 27వ తేదీన 118 పుటల చర్చాపత్రమును వెలువరించి, ఇరువది ప్రశ్నలపై అభిప్రాయములు కోరెను. సాధారణముగ కొద్దిగ వచ్చు జాబులకు బదులు, నెల తిరుగునప్పటికి పదిలక్షల ఈమెయిళ్లు వచ్చిపడినవి. ఆ యేటి చివర ఫేస్‌బుక్కువారి ‘ఫ్రీ బేసిక్సు’ పథకమును గూర్చి మరల అడుగగా ఇరువదిలక్షలకు మించి వచ్చినవి. ఉచితముగ ఇచ్చెదమన్న కొద్దిపాటి నీటికి ఆశపడి కాలువ మొత్తమును ఒకనికి వ్రాసి యిచ్చుటకు జనము సమ్మతింపలేదు. 2016 ఫిబ్రవరి 8వ తేదీన భేదధరలు నిషేధింపబడినవి. ఇది విజయమే. ఆ 118 పుటలును ఆంగ్లభాషలో నుండుటవలన, సెల్లు రీచార్జి చేయించుకొను కూలివాని కొరకు జరిగిన ఆ వాదమున అతడు ఒక మాటయైన వ్రాయలేకపోయెను, అదియును నిజమే.

మరి తుది తాళపుచెవి సంగతి? 2016 అక్టోబరు 1వ తేదీన అమెరికా ప్రభుత్వపు ఒప్పందము ముగిసి, మూలపట్టిక బాధ్యత పూర్తిగ ఐకాన్ అను సంస్థకు, అందులో పాల్గొను లోకసముదాయమునకు సంక్రమించినది. ఆ మార్పు జరిగిన తరువాతి మొదటి సమావేశము ఎచ్చట జరిగినదని యడిగితిరా? మరల హైదరాబాదుననే, నవంబరు 3 నుండి 9 వరకు. ఎనిమిదవ తేదీ రాత్రి వెయ్యి, ఐదువందల నోట్లు రద్దయినవన్న ప్రకటన వెలువడగా, లోకపు పేర్లపట్టికను పాలించు విదేశీయులు చేతనున్న నోట్లు చెల్లక మరునాడు ఇబ్బంది పడిరి.

ఈ ఐకాన్ వ్యవహారములలో మా రాజమహేంద్రవరమునకు సాక్షాత్తు సంబంధించిన విషయమొకటి కలదు. దాని నించుక విస్తరించి చెప్పక తప్పదు. చిరునామాలు రోమను లిపిలోనే యుండనక్కరలేదు, దేశభాషల లిపులలోను ఉండవచ్చునని నిర్ణయమైన పిమ్మట, భారతదేశమునకు చెందిన చిరునామాల తోకగ ‘.భారత్’ అను పదము తెలుగు లిపిలోను నెలకొన్నది. అయితే మూలపట్టికలో ఏ తెలుగక్షరములు చెల్లును, ఏవి చెల్లవు, చూచుటకు ఒకే తీరున నుండు అక్షరములతో మోసము జరుగకుండ ఏమి కట్టడి కావలెను అని విచారించుటకు, బ్రాహ్మీలిపి సంతతికి చెందిన తొమ్మిది లిపులకును కలిపి ఒక పండితసంఘము ఏర్పడినది. వారికి ఎదురైన ప్రధాన సమస్య తెలుగు కన్నడముల సారూప్యము. కన్నడపు జకారము, రకారము, బకారము చూడుడు. మన జ, ర, బ లకు కవలలు. యంత్రమునకు అవి వేర్వేరు అంకెలు. కంటికి ఒకటే యక్షరము. ఒక సంస్థ పేరును తెలుగులో ఒకడు, అదే యాకృతిని కన్నడలో వేరొకడు దక్కించుకొన్నచో, సొమ్ము చెల్లించు గృహస్థుడు ఎవని గుమ్మములోనికి పోవుచున్నాడో తెలియదు. కావున అట్టి జంటపేర్లలో ఒకటి ఒకనికి పోయినచో రెండవది మూయబడవలెనని వారు నిర్ణయించిరి. 2019లో ఆ తెలుగు నియమములు లోకపు నియమావళిలో చేరినవి.

ఈ సారూప్యము ఎచ్చటినుండి వచ్చినది? వేంగి నేలిన చాళుక్యుల నాటి శాసనములలో తెలుగు కన్నడములకు ఉమ్మడియైన లిపియే నడచినది. రాజరాజనరేంద్రుడు రాజమహేంద్రవరమున నన్నయభట్టారకుని చేత భారతము నాంధ్రీకరింపజేసిన కాలమున, ఆ కవికి తోడునిలిచిన నారాయణభట్టునకు 1053లో కోనసీమలోని నందంపూడి గ్రామము అగ్రహారముగ లభించినది. ఆ తామ్రశాసనము నారాయణభట్టును సంస్కృత ప్రాకృతములతో పాటు కర్ణాటాంధ్ర భాషలలోను కవిరాజశేఖరునిగ కీర్తించుచున్నది. రెండు భాషలు ఒక విద్వాంసుని నాలుకపైనను, రెండు లిపులు ఒక్క రేకుమీదనుగల యక్షరములలోను కలిసియుండిన సీమ మనది. తొమ్మిదివందల యేబది యేండ్లకు పైగా గడచిన తరువాత ఆ చుట్టరికమును లెక్కలోనికి తీసికొని నియమము చేసిన ఆ పండితులకు నేను నమస్కరించుచున్నాను. అంతర్జాతీయ శాసనము ఎట్లుండవలెనో ఇచ్చట కనబడుచున్నది. భాష తెలిసినవారిని పిలిచిరి, ముసాయిదాను లోకమునకు చూపిరి, ఆక్షేపణములు విని సవరించిరి. పిలువనిచోట ఏమగునో దానికిని నిదర్శనము కలదు: 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ అను ఒక్క తెలుగు సంయుక్తాక్షరము ఒక యదృశ్య సంకేతముతో కూడి తెరమీదికి వచ్చినంతనే ఆపిలువారి ఐఫోనులు స్తంభించిపోయినవి. ఆ దోషమును కొలదిదినములలో సవరించిరి గాని, ఎనిమిదికోట్ల జనుల భాషలో జ్ఞానమను మాటకు మొదటి యక్షరము అన్ని రూపములలోను అమ్మకమునకు ముందు పరీక్షింపబడలేదన్న మాట నిలిచిపోయినది.

ఇక కోనసీమ. 1996 నవంబరు 6వ తేదీ రాత్రి తుపాను కాకినాడకు దక్షిణముగ తీరము దాటి, వేయిమందికి పైగా ప్రాణములు హరించి, కొబ్బరితోటలను నేలకూల్చి, స్తంభములను తీగలను త్రెంచివేయగా, ఆవలి బంధువులు బ్రతికిరో లేదో తెలియక జనులు విలవిలలాడిరి. ఇరువదియేండ్లకు, 2016 డిసెంబరున, అదే కోనసీమలోని మోరి గ్రామమునకు ప్రభుత్వపు ఫైబరు తీగ వచ్చి, రాష్ట్రమున మొదటి డిజిటల్ గ్రామమని పేరొందినది. ఆ యూరివాడే యైన బర్కిలీ ఆచార్యుడు సాలమన్ డార్విను ఆ పనికి చేయూతనిచ్చెను. ఈ నడుమనే, 2013 జూలైలో, తంతిసేవ దేశమంతట ముగిసినది. తంతి చచ్చినది గాని, తంతి చట్టము చావలేదు. 2017లో ఆ 1885 నాటి చట్టము క్రిందనే, ప్రజాభద్రతకై అంతర్జాలమును తాత్కాలికముగ నిలుపుటకు నియమములు చేయబడినవి.

2022 ఏప్రిలులో క్రొత్తగ నేర్పడిన కోనసీమ జిల్లాకు డాక్టరు అంబేడ్కరు పేరు పెట్టుటకు ప్రకటన వెలువడగా, మే 24వ తేదీన అమలాపురమున అల్లర్లు చెలరేగి, ఒక మంత్రి యింటికిని ఒక శాసనసభ్యుని యింటికిని నిప్పంటింపబడెను. వెంటనే జిల్లాలో మొబైలు అంతర్జాలము నిలిపివేయబడినది. దినములు గడిచినవి, వారము దాటినది. ఇంటినుండి పనిచేయు యువకులు కంప్యూటరులను సంచిలో పెట్టుకొని, ఆవలి జిల్లా సిగ్నలు అందునేమో యని గోదావరి గట్టులకు చేరిరి. 1996లో తీగను త్రెంచినది గాలి, 2022లో ఉత్తరువు. ఆ ఉత్తరువు గౌతమి ఒడ్డునున్న యానాములో చెల్లలేదు. అది నేటికిని వేరు ప్రభుత్వము క్రిందనున్నది.

నాటి జనాభిప్రాయము రెండుగ చీలినది. ఇండ్లు కాలుచుండగా పుకార్లను మోయు తీగను కోయకున్నచో ఎట్లని కొందరు. దోషులు కొందరైనపుడు నోళ్లన్నియు మూయుట ఎట్టి ధర్మమని మరికొందరు. మొదటివారి భయమును నేను తక్కువ చేయను. మంట నిజమైనది, ఆ మంటలో ఇండ్లు పోగొట్టుకొన్నవారి బాధ నిజమైనది. కాని మంటలారిన మరునాడు, ఆ మరునాడు, ఆ పైవారము, ఎందుకు, ఎన్నాళ్లు, ఎవరి యాజ్ఞపై అని అడిగిన గృహస్థునకు సమాధానము దొరకినదా? 2020 జనవరి 10వ తేదీన సుప్రీముకోర్టు, ఇట్టి ఉత్తరువులను ప్రకటింపవలెననియు, గడువు లేక కొనసాగింపరాదనియు స్పష్టముగ చెప్పియుండెను.

1865 నాటి పారిసు శాసనము నిలిపివేయు హక్కు నిచ్చినది. 2024 సెప్టెంబరు 22వ తేదీన ఐక్యరాజ్యసమితి ఆమోదించిన ప్రపంచ డిజిటల్ ఒడంబడిక అంతర్జాలమును నిలిపివేయుటకు పూనుకొనరాదని రాజ్యములను కోరుచున్నది. ఆ మాటకు శిక్ష లేదు, బంధము లేదు. అయినను మాట వచ్చినది. అదే యేడు నవంబరున మన దేశమున తంతి చట్టపు స్థానమున వచ్చిన క్రొత్త దూరసంచార శాసనము క్రింద నిలిపివేతలకు క్రొత్త నియమములు వెలువడినవి. ఉత్తరువును ప్రకటింపవలెనని వానిలో వ్రాయబడియున్నది.

ఆ ప్రకటన ఏ భాషలో, ఎచ్చట అని మనము అడుగవలెను. అమలాపురపు బజారులో తీగ ఆగునాడు, కారణమును, గడువును, సంతకమును తెలుగులో వ్రాసిన కాగితము మండల కచేరి గోడమీద అదేదినమున కనబడవలెను. అంతకు తక్కువైన ఏ నియమమును, ఢిల్లీది గాని జెనీవాది గాని, శివారు రైతు అంగీకరింపరాదు. దూరసంచార ప్రాధికారసంస్థవారు ఇక మీదట ఏ ముసాయిదాపై అభిప్రాయములు కోరినను, గడువు తేదీని గుర్తుపెట్టుకొని, మీ యభిప్రాయమును తెలుగులోనే వ్రాసి పంపుడని గోదావరి సీమ పాఠకులను నేను వేడుచున్నాను.